బంగారి చీర ఆరిన పూట

నేను పుట్టిన ఊళ్ళో నేతల వీధి చివర ఒక నుయ్యి ఉండేది. దాన్ని నుయ్యి అని ఎవరూ అనేవాళ్ళు కాదు, "అటు" అనేవాళ్ళు, అంతే. మేక తాడు తెంపుకుని అటు పోయిందంటే దానంతటది తిరిగి రావాలి తప్ప ఎవరూ వెళ్ళి తోలుకొచ్చేవాళ్ళు కాదు, పిల్లల బంతి అటు పడిందంటే ఆట అక్కడితో సరి, పెళ్ళి ఊరేగింపు కూడా ఆ వీధి మొగ దాకా వచ్చి, మేళం ఆపేసి, తలలు దించుకుని చుట్టుతిరిగి పోయేది. ఎందుకంటారా? చెబుతా. ఆ చింతపండు బుట్ట ఇలా లాగండి, పిక్కలు తీస్తూ వినండి, చేతులు ఖాళీగా ఉంటే చెవులు కుదురుగా ఉండవు. ఒరేయ్, గడప మీంచి లే, గడప మీద కూర్చున్నవాడికి కథ సగమే ఎక్కుతుంది. ఏంటే, మామ్మ ఊపిరి కూడా తీసుకోకుండా చెబుతుందని నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. దాని సంగతి చివర్లో చెబుతా.

ఆ నూతిలో బంగారి పడింది. బంగారి ఎవరంటే, గవరయ్య అని ఒక నేతగాడుండేవాడు, ఆయన తమ్ముడి పెళ్ళాం. అంటే గవరయ్య పెళ్ళాం అచ్చియ్యమ్మకి తోడికోడలన్నమాట. గవరయ్యంటే ఆ చుట్టుపక్కల పేరున్న నేత, ఆయన నేసిన పంచె కట్టుకున్నవాడు వీధిలోకి వచ్చాక ఒకసారి ఆగి, కట్టానో లేదో అని తడుముకుని చూసుకునేవాడట, అంత సన్నం. మరి అంత సన్నపోగు నేయాలంటే మాటలా? మగ్గం గదిలో చెమ్మ ఉండాలి. గుంట మగ్గమంటే మీరు చూడలేదు కదా, నేలలో మోకాళ్ళ లోతు గొయ్యి తీసి, దాని మీద మగ్గం దించుతారు, నేసేవాడు ఆ గోతిలోకి కాళ్ళు జారేసుకుని కూర్చుంటాడు. గొయ్యి ఎందుకంటే నేల చెమ్మ పైకొచ్చి పోగుకి తగలాలని. వడగాలి తగిలిందా, పోగు పెళుసెక్కి పుటుక్కుమంటుంది, ఇక తెగిన పోగులు అతికించుకుంటూ కూర్చుంటే పొద్దుగూకుతుంది గానీ పంచె అవదు. అందుకని తెల్లవారగానే ఆ గది నేలంతా నీళ్ళు చల్లడం, తడిగోనెలు పరవడం. ఆ నీళ్ళు నూతిలోంచి తోడి తేవడం కోడళ్ళ పని, ఒకరోజు అచ్చియ్యమ్మ వంతు, ఒకరోజు బంగారి వంతు. అలా వంతులు వేసుకుని తెస్తూ తెస్తూ, ఒక శ్రావణమాసం పొద్దున, గట్టు మీద పాచికి కాలు జారి బంగారి బిందెతో సహా లోపలికి పోయింది. పైకి తీసేసరికి ఏముంది, చీర ఒంటికి అంటుకుపోయి, జుట్టు మొహానికి అంటుకుపోయి, ప్రాణం మాత్రం లేదు. మొగుడు ఆ దుఃఖంతో దేశాలు పట్టిపోయాడు.

మరుసటి రోజే అచ్చియ్యమ్మ తాపీమేస్త్రీని పిలిపించి మగ్గం గదికున్న ఒక్క కిటికీనీ ఇటుకలతో కట్టించేసింది. ఆ కిటికీ తీస్తే ఎదురుగా నుయ్యే. అది నా కళ్ళబడకూడదు అందిట. నూతి గిలక ఊడదీసేశారు, నీళ్ళకి చెరువు వైపు పోవడం అలవాటు చేసుకున్నారు, నుయ్యి అలా పడుంది, తోడేవాళ్ళు లేక వానాకాలమొస్తే గట్టు దాకా నిండిపోయి, ఇంటి గోడనే నాకుతున్నట్టు ఉండేదిట.

ఇక ఆ ఏడాది నుంచి బంగారి రావడం మొదలుపెట్టింది.

ఎలా వచ్చేదనుకున్నారు? గజ్జెలు ఘల్లుమనిపిస్తూనా? కాళ్ళు వెనక్కి తిరిగా? అవన్నీ పని లేని దెయ్యాలు. ఇది కష్టం చేసిన మనిషి దెయ్యం, తడిచీరతో వచ్చేది. పొద్దున లేచి చూస్తే మగ్గం గది గోడ మీద, ఎవరో తడిచీరతో ఆనుకుని నిలబడి ఇప్పుడే వెళ్ళినట్టు మరక. మడతపెట్టిన బట్టల మీద నల్లటి చుక్కలు, వేలికొనలతో ముట్టుకుని చూసినట్టు. పెట్టె అడుగునున్న పట్టుచీర తీస్తే నూతి అడుగు వాసన. గోడ మీద మరకేమో ఏడాదికేడాదికి నల్లబడింది, కింద కుచ్చిళ్ళలా వెడల్పు, పైన నడుములా సన్నం, ఆ పైన జుట్టు విరబోసుకున్నట్టు నల్లగా, నూగునూగుగా, చేత్తో రాస్తే మసి అంటుకున్నట్టు అంటుకునేది. ఆ గదిలో పడుకున్నవాళ్ళ గుండెల మీద ఎక్కి కూర్చునేది. తడి మనిషి కదా, బరువు. లేచేసరికి గొంతు పట్టేసి, కళ్ళు మండి, గుండెలో పిల్లికూతలు.

అలాంటి ఇంటికి తవిటమ్మ కోడలిగా వచ్చింది, గవరయ్య ఒక్క కొడుకు సోములికి పెళ్ళాంగా. తవిటమ్మది మెట్ట ఊరు, కొండ కింద, వానకన్నా గాలి ఎక్కువున్న చోటు. పేరేంటి అలా ఉందంటారా? వాళ్ళమ్మకి అంతకుముందు పుట్టినవాళ్ళు ఒక్కరూ దక్కలేదట, అందుకని ఈ పిల్ల పుట్టగానే పక్కింటామెకి దోసెడు తవుడికి అమ్మేసి, అదే తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నారు, కొనుక్కున్న పిల్ల దక్కుతుందని. దక్కింది. గట్టిగానే దక్కింది, నోరు కూడా గట్టిదే. వాళ్ళ నాన్న పెంటయ్య పాతరలు తీసేవాడు. పాతరంటే తెలుసునా, ధాన్యం దాచే గొయ్యి, చుట్టూ గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టితో మూసేస్తే ఏడాదైనా అలాగే ఉంటాయి. కానీ లోపలికి చెమ్మ దిగిందా, గింజ ముక్కిపోయి, మూత తీయగానే బూడిదలాంటి దుమ్ము లేచి మనిషి గుండె పట్టేస్తుంది. పెంటయ్య తోటివాళ్ళు ఇద్దరు అలా గుండె పట్టేసి పోయినవాళ్ళే. అందుకని పాతరవాళ్ళకి ఒక కట్టుబాటు. మూత తీసి ఒక పూట గాలికి వదిలేయాలి, తర్వాత ధాన్యం ఎవరిదో ఆ ఆసామి ముందు వంగి వాసన చూడాలి, ఆయన తల ఎత్తి "బానే ఉంది" అంటేనే కూలివాడు దిగాలి. ఆసామి వంగనన్నాడా, కూలివాడు పలుగు భుజాన వేసుకుని ఇంటికి పోవచ్చు, తప్పులేదు. మూసిన గొయ్యి ముందు గాలిని తింటుంది, తర్వాత మనిషిని తింటుంది అనేవాడట పెంటయ్య.

కాపరానికొచ్చిన రోజున మగ్గం గది గడప దాటగానే తవిటమ్మ ముక్కు చిట్లించి, అత్తా, ఈ గదిలో పాతరుందా అని అడిగిందిట. పాతరా లేదు, నీ పిండాకూడూ లేదు, మగ్గం ఉంది, కాళ్ళు కడుక్కుని రా అందిట అచ్చియ్యమ్మ.

అక్కడితో ఆ మాట మరుగున పడిపోయింది. మొదటి కాన్పు మగపిల్లాడు. బాలింతకి గాలి సోకకూడదు కదా, ఆ ఇంట్లో గాలి సోకని గది ఇంకేముంది, మగ్గం గదిలోనే మంచం వేశారు. నేల మీద తడిగోనెలు, మూల పోగుకి పట్టించే గంజి కుండ, నెత్తి మీద తడిగోడ, తలుపేసి తల్లీపిల్లా లోపల. ఆ పిల్లాడు రెండో వానాకాలం దాటలేదు. బంగారి తీసుకుపోయింది అన్నారు. తవిటమ్మ కూడా నమ్మింది. ఎందుకు నమ్మదు, రోజూ గోడ మీద ఎదురుగా నిలబడి ఉంటే?

రెండో కాన్పు ఆడపిల్ల. ఆ పిల్ల ఊపిరి పీలిస్తే గుండెలోంచి సన్నగా ఈల వచ్చేది, వీధిలో అందరూ ఈలపిల్ల, ఈలపిల్ల అనేవాళ్ళు, అసలు పేరు ఎవరికీ గుర్తే లేదు. పట్నం డాక్టరు మందిచ్చాడు, మంచి మందే, వేసినప్పుడు తగ్గేది, ఆ గదిలో నాలుగు రోజులు పడుకుంటే మళ్ళీ ఈల. అచ్చియ్యమ్మకి మనవరాలంటే ప్రాణం, అందులో అబద్ధం లేదు, ఎవరేది చెబితే అది చేసేది. దెయ్యం పైకప్పు సందులోంచి వస్తోందని ఒకరంటే సందుకి గుడ్డలు కుక్కించింది. తలుపు కిందనుంచి అంటే తలుపు కింద గోనెపట్టా అడ్డం పెట్టించింది. మూసిన కొద్దీ బంగారి పెరిగింది. తలుపు పక్క గోడకి కూడా ఒక చెయ్యి చాపింది.

తవిటమ్మకి అనుమానం ఎప్పుడొచ్చిందంటే, పిల్లకి నాలుగేళ్ళప్పుడు, తమ్ముడి పెళ్ళికని పుట్టింటికి వెళ్ళి పదిరోజులు ఉంది. కొండగాలికి తలుపులు టపటపా కొట్టుకునే ఇల్లు. మూడో రోజుకి పిల్ల గుండెలో ఈల సన్నబడింది, ఆరో రోజుకి లేదు. పదో రోజున మేనమామ మీద ఎక్కి సవారీ చేస్తూ అరిచిన అరుపుకి మేళగాడు సన్నాయి దించాడట. తిరిగొచ్చి అత్తతో చెబితే, మరేమనుకున్నావు, బంగారికి పొలిమేర దాటే శక్తి లేదు అంది. సరే అనుకుంది తవిటమ్మ. మూడో రోజుకి మళ్ళీ ఈల మొదలైంది, అప్పుడు పిల్లని ఒళ్ళో వేసుకుని మగ్గం గదిలో కూర్చుని, కళ్ళు మూసుకుని, వాసన పీల్చిందిట. అదే. తండ్రి బట్టల్లో చిన్నప్పటినుంచీ వచ్చిన వాసన, పాడైన పాతర తీసిన రోజున వచ్చే ముక్కవాసన. కానీ కోడలి మాట ఎవరు వింటారు? సోములేమో పంచెల మూట భుజాన వేసుకుని సంతలు తిరగడానికి పోయాడు, పక్షానికోసారి వస్తాడు.

ఇంతలో శ్రావణం వచ్చింది. వాన కాదు, ఆకాశానికి అడుగు ఊడిపోయినట్టు తొమ్మిది రోజులు. తొమ్మిదో రోజు పొద్దున పిల్ల ఊపిరి పీల్చలేక మెడ నరాలు తేలి, పెదవులు నేరేడుపండు తిన్నట్టు నీలంగా అయిపోయాయి. కాలవ పొంగి పట్నం దారి తెగిపోయింది. అచ్చియ్యమ్మ పక్క ఊరినుంచి ఎర్రన్న అనే భూతవైద్యుణ్ణి పడవ మీద రప్పించింది. మనిషి చిన్నవాడే, గొంతు మాత్రం డప్పంత. వచ్చీరాగానే గోడ చూసి రెండడుగులు వెనక్కి వేసి, అమ్మా, ఇది ఇప్పటిది కాదు, వేళ్ళు దిగిన దెయ్యం అన్నాడు. (ఆ మాట మాత్రం నిజమే, పాపం.) దీన్ని తరమకూడదు, లోపలే బంధించి కాల్చాలి, గదిలో చీమ దూరే సందు కూడా లేకుండా పేడతో మెత్తండి, తల్లినీ పిల్లనీ లోపల కూర్చోబెట్టండి, నిప్పుల మీద ఎండుమిరపకాయలు, సాంబ్రాణి, వేపాకు వేయండి, తలుపు మూయండి, మధ్యాహ్నం పొద్దు వాలేదాకా తీయకండి, పిల్ల అరిస్తే దెయ్యం అరుస్తుందనుకోండి అని చెప్పాడు.

వీధి వీధంతా వానలో గోనెలు కప్పుకుని అరుగు ముందు మూగింది. ఆడవాళ్ళు పేడ తెచ్చారు, సందులన్నీ మెత్తారు, కుంపటి రాజేశారు. గవరయ్య ఓ పక్కన నిలబడ్డాడు, ఆయన మాట్లాడ్డమంతా పోగుని అటూ ఇటూ విసిరే నాడెతోనే, మగ్గం ఆగితే నోరు ఆగినట్టే. పిల్ల తవిటమ్మ భుజాన ఉంది, ఈల కూడా రావడం లేదు, ఈల రావడానికైనా ఊపిరుండాలి కదా. తవిటమ్మ ఆ కుంపటి చూసింది, మిరపకాయలు చూసింది, తలుపు చూసింది. ఇందులోకి వెళితే నా బిడ్డ నడిచి బయటికి రాదు అని ఆమెకి తెలిసిపోయింది, ఎలా తెలిసిందంటే, వంగకుండానే తెలిసిపోయింది.

కాళ్ళు పట్టుకుని ఏడిస్తే వినరని కూడా తెలుసు. అందుకని ఏడవలేదు. గొంతు సవరించుకుని, మర్యాదగా అడిగింది.

"అయ్యా, మీ మాటకి నేను ఎదురు చెప్పను. మా పుట్టింటివాళ్ళది ఒక ఆచారముంది, అది తప్పితే మంత్రం ఫలించదు."

"ఏంటమ్మా అది?" అన్నాడు ఎర్రన్న.

"మూసిన చోటికి కూలివాళ్ళు దిగేముందు పెద్దమనిషి ఒకరు దిగి బానే ఉందనాలి. ఎవరి మాట మీద మూస్తున్నామో వాళ్ళే ముందు. ఈ గది మీ మాట మీద మూస్తున్నాం. తమరు ఒక్క మూడు వక్కలు నమిలేంతసేపు లోపల కూర్చుని రండి, ఆ వెంటనే మేం వెళతాం."

వీధంతా ఎర్రన్న వైపు తిరిగింది. ఎనభై కళ్ళు. ఇప్పుడు వెళ్ళనంటే ఆ పడవలోనే పరువు కూడా వెనక్కి పోతుంది. మీసం దువ్వుకున్నాడు, నాకా భయం అన్నాడు, ఒక వక్క అప్పుడే నోట్లో వేసుకుని లోపలికి పోయాడు. తవిటమ్మే తలుపు మూసింది, గోనెపట్టా తలుపు కింద తనే తోసింది, చాలా శ్రద్ధగా.

మొదట మంత్రం వినబడింది, ఘనంగా. తర్వాత మంత్రంలో ఒక దగ్గు వచ్చింది. తర్వాత దగ్గులో అక్కడక్కడ ఒక మంత్రం వచ్చింది. ఆ తర్వాత తలుపు మీద దబదబ బాదుడు, "తియ్యండి! తియ్యండ్రా బాబూ!" అని. తీస్తే మనిషి బయటికి రాలేదు, పడ్డాడు. కళ్ళు మిరపపళ్ళు, ముక్కు కాలవ, గుండెలో, వినండి, గుండెలో ఈల. అచ్చం పిల్ల ఈలే. అరుగు మీద వెల్లకిలా పడుకుని వాననీళ్ళు మొహాన కొట్టించుకుని, ఇది సామాన్యమైన దెయ్యం కాదు, దీనికి మా గురువుగారు రావాలి అని గొణుగుతున్నాడు. రెండో వక్క ఇంకా చేతిలోనే ఉంది.

పేడ తెచ్చిన ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. తవిటమ్మ నవ్వలేదు. చూశారా, అంది. బంగారికి ఈయన మీద ఏం పగ? ఈయన్ని ఈ పూటే కదా చూసింది? ఆవిడకి నా బిడ్డా ఒకటే, ఈయనా ఒకటే, ఆ గదిలో ఎవరు కూర్చుంటే వాళ్ళ గుండె పట్టుకుంటుంది. మనం పిల్లలోంచి తీయాల్సిందేం లేదు, గదిలోంచి తీయాలి. ఆ కిటికీ బద్దలుకొట్టండి.

అప్పుడు గవరయ్య మాట్లాడాడు. కిటికీ తీస్తే గాలి వస్తుంది, గాలొస్తే పోగు తెగుతుంది, పోగు తెగితే ఈ ఇల్లు తినేదేంటి అన్నాడు. కోపంగా కాదు, భయంగా అన్నాడు. తవిటమ్మ దానికి జవాబు చెప్పేలోపే అచ్చియ్యమ్మ లోపలికి పరిగెత్తి, ఆ పొగలో, కట్టేసిన కిటికీకి వీపు ఆనించి చేతులు రెండూ బార్లా చాపి నిలబడింది. "నా శవం మీద" అంది. "అటు తీయకూడదు. అది అటే ఉంది."

"అత్తా, అటు లేదు, నీ ఎదురుగా గోడ మీదే ఉంది. ఆవిడకి పగుంటే దీని గుండెల మీద ఎందుకు కూర్చుంటుంది చెప్పు?"

ఏమైందో మరి, ఆ పొగ పట్టేసిందో, ఇన్నేళ్ళ బరువు పట్టేసిందో, అచ్చియ్యమ్మ ఆ గోడకే జారి కూలబడిపోయింది. "నా గుండెల మీదే కూర్చుందే ఇన్నేళ్ళూ" అంది. ఆ రోజు వంతు నాదే, దానిది కాదు, ముసురు పట్టి చలేస్తోందని, జ్వరమని అబద్ధం చెప్పి దుప్పటి కప్పుకున్నాను, సరే అక్కా నువ్వు పడుకో అని అది నా బిందె తీసుకుని వెళ్ళింది, అది వెళ్ళడం ఈ కిటికీలోంచే చూశాను, అని చెప్పింది. వీధి వీధంతా విన్నది.

తవిటమ్మ ఏం చేసిందంటే, పిల్లని భుజాన మార్చుకుని, అత్త పక్కన వంగి, చెవిలో చెప్పినట్టు చెప్పింది. "అయితే పాపం ఆవిడ్ని చీర ఆరేసుకోనీ అత్తా. ఇన్నేళ్ళు తడిచీరతో చీకట్లో నిలబెట్టావు."

అచ్చియ్యమ్మ తల ఎత్తి చూసింది. గోడ మీద బంగారిని చూసింది, ఏళ్ళ తర్వాత మొదటిసారి తిన్నగా చూసింది. లేచింది. "గునపం ఇలా తెండి" అంది.

మగాళ్ళు ముందుకొస్తే ఇవ్వలేదు, మొదటి దెబ్బ ఆవిడే వేసింది. రెండో దెబ్బకి ఒక ఇటుక అటువైపు పడి నూతి గట్టు మీద ఠంగుమంది. ఇక నలుగురు చేరారు, ఇటుక తర్వాత ఇటుక, సందులోంచి మొదట ఒక వెలుగు గీత, అది కత్తిలా పొగని కోసుకుంటూ వచ్చి గోడ మీద పడింది, ఆ తర్వాత గాలి. అమ్మా, ఆ గాలి! కిటికీలోంచి దూసుకొచ్చి, పొగనీ, మిరపఘాటునీ, ముక్కవాసననీ మెడపట్టుకుని తలుపులోంచి వీధిలోకి గెంటేసింది, అరుగు మీద ఎర్రన్న మళ్ళీ దగ్గాడు. తవిటమ్మ అంతటితో ఆగలేదు, ఎదురుగోడకి పైన, కప్పు కింద, రెండు ఇటుకలు ఊడబీకించింది, వచ్చిన గాలికి పోయే దారి కూడా ఉండాలి, లేకపోతే చుట్టమై కూర్చుంటుందని.

ఇక పోగు సంగతి. గవరయ్య మగ్గం దగ్గర నిలబడి ఉన్నాడు, శవం దగ్గర నిలబడ్డట్టు. పంచె సగంలో ఉంది. తవిటమ్మ ఆయన ముందుకొచ్చి, మామా, ఒక్కసారి నాడె వేసి చూడు, పోగు తెగితే నేనే నా చేత్తో ఇటుకలు పేర్చి మూసేస్తాను, నా బిడ్డని తీసుకుని కొండ కిందికి పోతాను, ఈ గడప మళ్ళీ తొక్కను అంది. ఆడదాని మాట కాదది, పందెం. గవరయ్య గోతిలోకి కాళ్ళు జారేసి కూర్చున్నాడు. వీధంతా కిటికీకి, తలుపుకి అంటుకుపోయింది. నాడె ఇటునుంచి అటు. తెగలేదు. అటునుంచి ఇటు. తెగలేదు. పది, ఇరవై, గాలి పడుగు మీద అలలా పాకుతోంది, పోగులు ఊగుతున్నాయి, తెగడం లేదు. ఆయన చేయి ఆపి, వేలు తడిచేయకుండానే పోగు మీద రాసి చూసుకున్నాడు. కిటికీ వైపు చూశాడు. గట్టుదాకా నిండిన నుయ్యి, దాని మీంచి చల్లగా, తడిగుడ్డతో తుడిచినట్టు వస్తున్న గాలి.

అప్పుడు ఆయన నవ్విన నవ్వు ఆ వీధిలో అంతకుముందు ఎవరూ వినలేదట. ఓరి నా మతిమరుపు తగలెయ్య, అన్నాడు. మా అయ్య ఈ ఇల్లు కట్టేటప్పుడు ముందు నుయ్యి తవ్వించాడు, తర్వాత కిటికీ పెట్టించాడు, ఆ తర్వాత దానికి ఎదురుగా మగ్గం దింపాడు, ఎందుకనుకున్నారు, ఈ గాలి కోసమే! పారే చెమ్మ వేరు, నిలిచిన చెమ్మ వేరురా అనేవాడు, నేను కుర్రతనంలో విని కుర్రతనంలోనే మర్చిపోయాను. అని చెప్పి, మళ్ళీ నాడె అందుకుని, సాయంత్రం దాకా ఆపలేదు. ఆ రోజు ఆయన నేసినంత పంచె అంతకుముందు ఏ శ్రావణంలోనూ నేయలేదు.

మధ్యాహ్నానికి మబ్బు విడిచి ఎండ వచ్చింది. ఆ ఎండ కిటికీలోంచి సరాసరి వచ్చి గోడ మీద బంగారి మీద పడింది. అచ్చియ్యమ్మ పెట్టె అడుగునుంచి ఒక కొత్తచీర తీసి, కిటికీ చువ్వకి ఆరేసి, దణ్ణం పెట్టి, "బంగారీ, ఇది కట్టుకో, ఆ తడిది విప్పేసెయ్ తల్లీ" అంది. పొద్దు వాలేదాకా ఆ చీర గాలికి ఎగురుతూనే ఉంది. వారం ఎండాక కొబ్బరిపీచుతో గోడ గీకారు, ముక్కుకి గుడ్డలు కట్టుకుని మరీ, తవిటమ్మ దగ్గరుండి కట్టించింది. రెండుసార్లు సున్నం కొట్టారు. నూతి గట్టు మీద పాచి రాయితో రుద్దిపారేశారు, గిలక కట్టారు, తోడుతుంటే నీళ్ళు దిగి గోడ ఆరింది. గంజి కుండ పెరట్లోకి పోయింది, మంచాలు అరుగు మీదికి వచ్చాయి, ఆ గదిలో నేయడమే తప్ప పడుకోవడం లేదు. నాడెకి మాత్రం రోజూ ఆ గాలే. అప్పుడు తెలిసిందేంటంటే, ఆ వీధిలో ఇంటికొక బంగారి ఉందిట! ఒకరి గోడ మీద తాత, ఒకరి గోడ మీద మేనత్త. తవిటమ్మని పిలుచుకుపోయేవాళ్ళు, వాసన చూడమ్మా అని. ఆమె గడపలో ఆగి, ముందు మీరు చూడండి, ఆసామి మీరు కదా అనేది. వాళ్ళు తల లోపల పెట్టి, మొహం చిట్లించి, మారుమాట్లాడకుండా గునపం వెతుక్కునేవాళ్ళు. ఎర్రన్న కూడా వచ్చాడు ఒకసారి, రాత్రివేళ కాదు, పట్టపగలే, తన ఇంటికి కిటికీ ఎటు పెట్టించాలో అడగడానికి.

మరి ఈలపిల్ల సంగతంటారా? ఒక్క రోజులో ఏదీ పోదు. ఆ పూట గాలి తగిలి పెదవుల నీలం విడిచింది, దారి పడ్డాక పట్నం మందూ వేశారు, కార్తీకం వచ్చేసరికి ఈల ఎప్పుడైనా ఒకసారి, మాఘానికి అదీ లేదు. మరుసటి శ్రావణంలో పెళ్ళి ఊరేగింపు వీధి చివరిదాకా, నూతి దాకా, మేళం ఆపకుండా వచ్చింది, దాని ముందు ఈలపిల్ల అరుస్తూ పరిగెత్తింది, నూతి చుట్టూ మూడుసార్లు తిరిగి, అప్పుడు కూడా ఊపిరి అందింది.

బతికిందా అని అడుగుతున్నావా? ఒసేయ్ పిచ్చిదానా, పిక్కలు సగం బుట్ట అయిపోయాయి, దీపాలు పెట్టిన దగ్గర్నుంచీ చెబుతున్నాను, ఎక్కడన్నా ఆగానా? ఒక్కసారైనా దగ్గానా? ఈ మామ్మకి ఊపిరి అక్కర్లేదా అని నవ్వావు కదా ఇందాక. ఇప్పుడు నవ్వు. నాకు అమ్మ సంపాదించిపెట్టిన ఆస్తి అదొక్కటే, అందుకే పొదుపుగా వాడను.

సరే, లేవండి, ఇళ్ళకి పోండి. బంగారి మళ్ళీ రాలేదు ఆ ఇంటికి, కొత్తచీర కట్టుకుని ఎటో పోయింది. ఎటు పోయిందో నాకు తెలీదు. పైవీధిలో కొత్తగా కట్టిన స్లాబు ఇంట్లో, దుమ్ము పడుతుందని కిటికీలకి అట్టలు కొట్టి, పరుపులన్నీ పేర్చిన గది ఒకటుందిట, బీరువా జరిపితే గోడ మీద ఏదో నల్లగా నిలబడి ఉందని పనమ్మాయి చెప్పింది. అక్కడికి మాత్రం ఎవరూ వెళ్ళకండి. తప్పదనుకుంటే ముందు ఆ ఇంటాయన్ని లోపల కూర్చోబెట్టండి, మూడు వక్కలు నమిలేంతసేపు.